మంటను చూడని కన్ను

హాలిఫాక్స్‌లో మా విమానం దిగింది ఉదయం 6:40కి. మైనస్ పదిహేడు. గాలి వాయవ్యం నుంచి. ఒక్క రన్‌వే మాత్రమే తెరిచారు. దానికి రెండు పక్కలా మంచు మనిషెత్తు గోడలా పేరుకుని ఉంది. మేము ఇరవై ఇద్దరం. మా దగ్గర తుపాకులు లేవు. పారలు, జనరేటర్లు, మడత మంచాలు, మందుల పెట్టెలు ఉన్నాయి. నా భుజాలకు రెండు సంచులు. ఒకటి బట్టలది, ఒకటి పనిముట్లది. రెండోదే బరువు.

కెనడా సైన్యంలో పన్నెండేళ్లు చేశాను. నా పని హీటింగ్. పొయ్యిలు, బాయిలర్లు, పైపులు. "అంటే ఆర్మీలో ప్లంబరువా?" అని మనవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. మైనస్ నలభైలో గుడారంలో పొయ్యి ఆరిపోయిన రాత్రి ఎవరిని ముందు లేపుతారో నాకు తెలుసు. నేను ఇప్పుడు ఉండే ఓక్‌విల్‌లో మన సంఘంవాళ్లు కిందటి నెల పిలిచి, స్టేజీ ఎక్కించి, యుద్ధం కబుర్లు చెప్పమన్నారు. నేను చూసిన యుద్ధం ఇదేనని ఈ తొమ్మిది రోజుల డ్యూటీ గురించి మొదలుపెట్టాను. సగంలో ఒకాయన వచ్చి చెవిలో, "పండగపూట ఎందుకండీ ఇవన్నీ" అన్నాడు. మైకు తీసుకున్నాడు. అందుకే రాస్తున్నాను. కాగితాన్ని అలా తీసుకోవడం కుదరదు.

మంచు తుఫాను మూడు రోజులు ఆగకుండా కురిసి వెళ్లింది. కరెంటు పోయి ముక్కలు ముక్కలుగా తిరిగి వస్తోంది. రాష్ట్రంవాళ్లు సాయం అడిగారు, మమ్మల్ని పంపారు. ఒక పాత డ్రిల్ హాల్లో మంచాలు వేసుకున్నాం. 8:15కి సార్జెంట్ తెల్లబోర్డు మీద మూడు వాక్యాలు రాశాడు. ప్రతి తలుపూ తట్టండి. లోపల ఎంతమంది ఉన్నారో లెక్క రాయండి. వేడి లేని ఇల్లు అయితే వేడి తెప్పించండి, లేదా మనుషుల్ని స్కూల్లో పెట్టిన శిబిరానికి తీసుకురండి.

ఒక్కో ట్రక్కుకి ముగ్గురం. డ్రైవరు న్యూఫౌండ్‌లాండ్ మనిషి, మాటకు ముందు నవ్వేవాడు. మెడిక్ క్యుబెక్ అమ్మాయి, నవ్వకుండానే జోకులు వేసేది. మూడోవాణ్ని నేను. రేడియోలో మా పిలుపు టూ-త్రీ. మాకు ఇచ్చిన వీధులు హార్బర్‌కి అవతలి ఒడ్డున ఉన్నాయి. ఫెర్రీ ఆగిపోయింది. వంతెన మీద ఒక్క వరసలోనే వాహనాలను వదులుతున్నారు.

ఆ ఊళ్లో చాలా పాత ఇళ్లకు ఆయిల్ బాయిలరే దిక్కు. బేస్‌మెంట్‌లో బీరువా అంత ఇనప పెట్టె ఉంటుంది. దాని ముందు భాగంలో బర్నర్. బర్నర్‌లో ఒక ఫ్యాను గదిలోని గాలిని లోపలికి పీలుస్తుంది, ఒక నాజిల్ ఆయిల్‌ని పొగమంచులా చిమ్ముతుంది, ఒక నిప్పురవ్వ దాన్ని అంటిస్తుంది. నీళ్లు కాగి గోడల వెంట పైపుల్లో తిరుగుతాయి. ఇల్లు బతుకుతుంది.

ఇందులో కాపలాదారు ఒకటుంది. చిటికెన వేలి గోరంత గాజు కన్ను. అది మంట వెలుగును చూస్తుంది. వెలుగు పడితే దాని గుండా కరెంటు తేలిగ్గా పారుతుంది, చీకటైతే పారదు. అంతకు మించి దానికి తెలివి లేదు. బర్నర్ మొదలైన కొన్ని సెకన్లలో ఆ కంటికి మంట కనపడకపోతే యంత్రం మొత్తం ఆపేస్తుంది. లాకౌట్ అంటారు. ఒక ఎర్ర లైటు వెలుగుతుంది. పక్కన ఒక బటన్ ఉంటుంది. దాన్ని ఒక్కసారి నొక్కి చూడొచ్చు. అప్పటికీ ఆగిపోతే ఎందుకు ఆగిందో కనుక్కోవాలి. కనుక్కోకుండా మళ్లీ నొక్కకూడదు. మంట నిజంగా అంటుకోకపోతే, నొక్కిన ప్రతిసారీ లోపల ఇంకాస్త ఆయిల్ చేరుతుంది.

రెండో రోజు, మధ్యాహ్నం 1:30. ఒక రిటైరైన నావికుడు. తలుపు తీశాడు. ముఖం నల్లగా ఉంది, కనుబొమలు లేవు.

"ఎన్నిసార్లు నొక్కారు?" అన్నాను.

"రెండు."

మెడిక్ అతని వెనక వంటింటి గోడల వైపు చూసింది. సీలింగు దాకా మసి. కింద బాయిలర్ తలుపు ఊడి అవతల గోడ దగ్గర పడి ఉంది.

"రెండేనా?"

"ఒక ఇరవై ఉంటాయేమో. ఇంకొక్కసారి నొక్కితే పట్టుకుంటుంది అనిపించింది."

"కనుబొమలు మళ్లీ వస్తాయిలే తాతా," అన్నాడు డ్రైవరు అతన్ని ట్రక్కు ఎక్కిస్తూ. "ముందుకంటే అందంగా వస్తాయి."

ఆ రోజు నుంచి ప్రతి ఇంట్లో నా మొదటి ప్రశ్న అదే. ఎన్నిసార్లు నొక్కారు? ఒక్కరూ నిజం చెప్పలేదు. కారణం వెతకడం కష్టం, నొక్కడం సులువు. మనుషులు యుగాలుగా చేస్తున్నది ఇదే. దీన్ని భక్తి అన్నా, పట్టుదల అన్నా, లోపల చేరే ఆయిల్ చేరుతూనే ఉంటుంది.

ఆరో రోజు. ఉదయం 11:10. మైనస్ పద్నాలుగు, గాలి లేదు. ఒక ఏటవాలు వీధి చివర పాత చెక్క ఇల్లు. గుమ్మానికి ప్లాస్టిక్ మామిడాకుల తోరణం. అది చూడగానే నాకు సంతోషమే కలిగిందని ఒప్పుకుంటాను. ఆరు రోజులుగా తెలుగు మాట వినలేదు.

తలుపు తీసిన మనిషికి ముప్పై అయిదేళ్లుంటాయి. స్వెటరు మీద స్వెటరు. నా ఛాతీ మీద ఇంటిపేరు చదివాడు.

"అన్నా, మీరు తెలుగా? ఆర్మీలో మనవాళ్లు కూడా ఉంటారా? రండి రండి. నా పేరు శ్రీధర్. సాఫ్ట్‌వేరు. ఫోర్ డేస్ నుంచి హీట్ లేదన్నా. ఆయిల్ కంపెనీకి ఫోన్ చేస్తే వెయిట్ చేయమంటున్నారు, రోడ్లు క్లియర్ కాలేదట."

మెడిక్ ఫారం తీసింది. ఇంట్లో ఎంతమంది?

"ముగ్గురం," అన్నాడు శ్రీధర్. "నేను, మా వైఫ్, మా అమ్మ. వైఫ్ ప్రెగ్నెంట్, సెవెన్త్ మంత్. వచ్చే సండే శ్రీమంతం పెట్టుకున్నాం."

హాల్లో నా థర్మామీటరు ఏడు చూపించింది. మేడమీద ఒక గదిలో ఎలక్ట్రిక్ హీటర్ పెట్టుకుని ఉన్నారు. అక్కడ పంతొమ్మిది. భార్య మాధవి దుప్పట్లలో కూర్చుని ఉంది. తల్లి రాజ్యలక్ష్మిగారు పక్కన కుర్చీలో, శాలువా కప్పుకుని. మెడిక్ మాధవిని చూసింది, బీపీ తీసింది, బాగానే ఉందంది. కిందికి దిగాం. గుమ్మం దగ్గర మెడిక్ ఆగింది. చెప్పుల స్టాండు వైపు వేలు చూపించింది. మంచు బూట్లు నాలుగు జతలున్నాయి.

"ముగ్గురన్నారు," అంది.

నేను తెలుగులో అడిగాను. శ్రీధర్ తల గోక్కున్నాడు.

"ఓ, అదా. పిన్ని ఉన్నారన్నా. కింద బేస్‌మెంట్‌లో ఉంటారు. అమ్మ వాళ్ల చెల్లెలు. బాబాయి పోయి ఎనిమిది నెలలు. డెలివరీకి హెల్ప్‌గా ఉంటారని పిలిపించాం."

బేస్‌మెంట్ మెట్లు పదమూడు. కింద ఒక్క బల్బు. చిన్న కిటికీని బయట మంచు పూర్తిగా మూసేసింది. థర్మామీటరు మూడు దగ్గర ఆగింది. బాయిలర్ పక్కన మడత మంచం మీద అరవై దాటిన ఒకామె కూర్చుని ఉంది. నూలు చీర, దాని మీద మగవాళ్ల పాత జాకెట్టు, కాళ్లకు రెండేసి సాక్సులు. పెదవులు నీలంగా ఉన్నాయి.

"మెల్లగా దిగండి నాయనా," అంది. "మీ బూట్లు తడిగా ఉన్నట్టున్నాయి, ఆఖరి మెట్టు జారుతుంది."

అదీ ఆమె మాకు చెప్పిన మొదటి మాట. పేరు కామేశ్వరి. మెడిక్ ఆమె చెవిలో థర్మామీటరు పెట్టింది. ముప్పై నాలుగు పాయింట్ ఆరు. ముప్పై అయిదు కింద అంటే శరీరం ఓడిపోవడం మొదలుపెట్టిందని అర్థం. మెడిక్ తన సంచి తెరిచింది. ప్యాకెట్టు చింపి, ఒంటి వేడి పోకుండా ఆపే రేకు దుప్పటి తీసి ఆమె చుట్టూ కప్పింది. ఫ్లాస్కులోంచి తియ్యటి టీ పోసింది.

"అమ్మగారూ, పైన వెచ్చటి గది ఉంది. ఇక్కడెందుకున్నారు?" అన్నాను.

"నేనే వద్దన్నాను బాబూ. కడుపుతో ఉన్న పిల్ల పడుకునే గది. నేను ఎందుకులే అని."

మా మాటలు విని రాజ్యలక్ష్మిగారు మెట్ల సగం దాకా దిగారు. ఆమె వెనకే మాధవి, రెయిలింగు పట్టుకుని.

"ఎవరూ పొమ్మనలేదు బాబూ దాన్ని," అన్నారు రాజ్యలక్ష్మిగారు. "అదే దిగిపోయింది."

"నేను రమ్మన్నానండీ. చిన్నత్తయ్యే రాలేదు," అంది మాధవి.

"వన్ నైట్ కదా అనుకున్నామన్నా," అన్నాడు శ్రీధర్.

ఎవరూ పొమ్మనలేదు. ఈ రెండు ముక్కలూ నేను చిన్నప్పటి నుంచి వింటున్నాను. ఎవరూ పొమ్మనని మనుషులు మన ఇళ్లలో ఎందరున్నారో లెక్కపెట్టండి. వంటింటి తలుపు వెనక, పెళ్లి పందిరి ఆఖరి వరసలో, పేరంటం రోజున పక్కింట్లో. వాళ్లంతట వాళ్లే వెళ్లారట. నీళ్లు పల్లానికి వాటంతట అవే పోతాయి, నిజమే. పల్లం తవ్వినవాడెవడని అడగండి, ఒక్కడూ పలకడు.

"బాయిలర్ ఎప్పుడు ఆగింది?" అన్నాను.

జవాబు చెప్పడానికి ముగ్గురూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. చివరికి రాజ్యలక్ష్మిగారే చెప్పారు.

"శుక్రవారం బాబూ. నాకు మోకాలు నొప్పిగా ఉండి, పొద్దున దీపం దీన్ని పెట్టమన్నాను. ఇదిగో, ఇక్కడే, అగ్నిహోత్రుడి దగ్గర. నాదే పొరపాటు. సాయంత్రానికి మా వీధిలో కూడా కరెంటు పోయింది. మర్నాడు కరెంటు వచ్చింది కానీ మంట నిలవలేదు. అంటుకుంటుంది, ఆరిపోతుంది. అంటుకుంటుంది, ఆరిపోతుంది. ఇండియాలో మా పంతులుగారికి వీడియోలో చూపించాం. దీపం పెట్టిన చెయ్యి ఎవరిదీ అని అడిగారు."

నేను కామేశ్వరిగారి వైపు చూశాను. ఆమె కప్పులోకి చూస్తోంది.

"అందుకని శ్రీమంతం లోపల పిన్నిని పంపించేద్దామని," అన్నాడు శ్రీధర్, గొంతు తగ్గించి. "టికెట్ బుక్ చేశాం. థర్స్‌డే. నాకు ఇవన్నీ నమ్మకం లేదన్నా, అమ్మ సాటిస్‌ఫాక్షన్ కోసం."

నమ్మకం లేదట. నమ్మకం ఉన్న మూర్ఖుడితో వాదించవచ్చు. నమ్మకం లేకుండా ఆచరించేవాడితో ఏం వాదిస్తాం? ఒక ఆడమనిషిని మూడు డిగ్రీల్లో ఇనప పెట్టె పక్కన కూర్చోబెట్టి, తనకు నమ్మకం లేదని చెప్పి చేతులు దులుపుకునేవాడికి ఏ పుస్తకం చదివి వినిపించాలి?

అరిచాను. ఏమి అరిచానో మాట మాటా గుర్తులేదు. ఆమె శరీరం ముప్పై నాలుగున్నరకు పడిపోయిందని, ఇంకో రాత్రి గడిస్తే శ్రీమంతం బదులు ఇంకో కార్యం చేసుకోవలసి వచ్చేదని అన్నట్టు గుర్తు. రాజ్యలక్ష్మిగారు ఏడవసాగారు. మెడిక్ నా మోచెయ్యి పట్టుకుంది.

"నువ్వన్నదాంట్లో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా అంతా అర్థమైంది. ఇప్పుడు పని చెయ్యి."

రేడియో గరగరలాడింది. సార్జెంట్. "టూ-త్రీ, ఆలస్యం ఎందుకు?"

"ఒక బాయిలర్ లాకౌట్. చలికి దెబ్బతిన్న మనిషి ఒకరు."

"ముందు మనిషి."

"ఇక్కడ రెండూ ఒకటే, సార్జెంట్."

"కవిత్వం వద్దు. నిమిషాలు చెప్పు."

"నలభై."

11:35. "ఎన్నిసార్లు నొక్కారు?" అన్నాను శ్రీధర్‌తో.

"రెండు మూడు సార్లు."

"నిజం చెప్పు."

"ఇరవై ఒకటి. అమ్మ మంత్రం చదువుతూ ఉంటే."

ఆ ఇంటి అదృష్టం, కంట్రోల్ బాక్సు కొత్త రకం. మూడుసార్లు విఫలమయ్యాక అది ఇంకెవరు నొక్కినా ఒప్పుకోదు. మిగతా పద్దెనిమిదీ గోడకు మొక్కినట్టే. అదే నావికుడి ఇంట్లోలాంటి పాత బాక్సయి, లోపల మంట కూడా లేకుండా ఉంటే, మేము వచ్చేసరికి గోడలు నల్లగా ఉండేవి.

"ఒక వీడియోలో చూశానన్నా," అన్నాడు. "సెన్సర్ వైర్లు రెండూ కలిపేస్తే నడుస్తుందన్నారు. ట్రై చేద్దామనుకున్నా."

"కాపలావాడి కళ్లు పొడిచి కాపలా పెట్టినట్టుంటుంది. వైర్ల జోలికి వెళ్లావా?"

"లేదు."

"ఆ ఒక్కటీ మంచి పని చేశావు."

మెట్ల పైన, బాయిలర్‌కి కరెంటు ఇచ్చే ఎర్ర స్విచ్ ఆపించాను. టార్చి, చిన్న అద్దం పెట్టి బాయిలర్ లోపల మంట మండే గది చూశాను. అడుగున ఆయిల్ నిలవలేదు. అంటే నొక్కిన మూడుసార్లూ మంట అంటుకుంది. రాజ్యలక్ష్మిగారు చెప్పింది అక్షరాలా నిజం. అంటుకుంటుంది, ఆరిపోతుంది. ఆయిల్ ఉంది, రవ్వ ఉంది, మంట ఉంది. మంట లేదని తీర్పు చెబుతున్నది కన్ను ఒక్కటే.

బర్నర్ మీది మూత స్క్రూలు రెండు విప్పి వెనక్కి తిప్పాను. కన్ను దాని కింద ఉంటుంది, మంట పుట్టే గొట్టం లోపలికి చూస్తూ. టార్చి వేశాను.

ఎర్రగా ఉంది.

మసి నల్లగా ఉంటుంది. దుమ్ము బూడిద రంగులో ఉంటుంది. అప్పటికి పదేళ్ల సర్వీసులో ఎర్ర కన్ను చూడలేదు. వేలితో తాకి వాసన చూశాను. ఆ వాసన చెప్పడానికి ఏ మీటరూ అక్కర్లేదు. పసుపు, కుంకుమ. సన్నటి ఆయిల్ జిడ్డుకు అతుక్కుని, పొర మీద పొర, లేపనంలా గట్టిపడి ఉంది. ఫ్యాను రెక్కల మీద కూడా అదే.

"ఇందులో ఏమైనా వేశారా?"

"ప్రతి శుక్రవారం బాబూ," అన్నారు రాజ్యలక్ష్మిగారు కళ్లు తుడుచుకుని. ఆమె గొంతులో హఠాత్తుగా ఒక గర్వం. "ఆగ్నేయ మూల అగ్ని ఉందనే ఈ ఇల్లు కొన్నాం. నాలుగు నెలల కిందట గృహప్రవేశం నాడు పూజ చేసి, అప్పటి నుంచి వారం వారం చిటికెడు పసుపు, చిటికెడు కుంకుమ ఆయన నోటి దగ్గర పెడతాం. పెట్టగానే లోపలికి లాక్కుంటాడు. స్వీకరిస్తాడు. కళ్లారా చూశాం."

"వీడియో కూడా ఉందన్నా," అన్నాడు శ్రీధర్. "గ్రూపులో పెడితే అందరూ దండాలు పెట్టారు."

ఆమె చెప్పే నోరు బర్నర్ పక్కన ఉండే గాలి రంధ్రం. ఫ్యాను పీల్చినప్పుడు గది గాలితోపాటు ఏది దొరికితే అది లోపలికి పోతుంది. కుంకుమ పెట్టినా పోతుంది, కుక్క వెంట్రుకలు పెట్టినా పోతుంది. నాలుగు నెలలు పొర మందమైంది. కరెంటు పోయి బాయిలర్ చల్లబడ్డాక, తిరిగి వెలిగిన మొదటి మంట మసకగా ఉంటుంది. ఆ మసక వెలుగు ఆ పొర దాటి కంటిని చేరలేదు. అదీ సంగతి. అక్క చేసిన పూజకు చెల్లెలు శిక్ష అనుభవించింది.

మీటరు తీశాను. కంటి ముందు టార్చి వెలిగించి చూపించాను. నలభై వేల ఓమ్‌లు. అంటే కన్ను చీకటి అంటోంది. మెత్తటి బట్టతో తుడిచాను. మూడుసార్లు. మళ్లీ అదే టార్చి, అంతే దూరం. మూడు వందల ఇరవై. మీటరును శ్రీధర్ ముఖం ముందు పెట్టాను.

"నువ్వు ఇంజినీరువి. చెప్పు. దీపం పెట్టిన చెయ్యి ఎవరిది?"

శ్రీధర్ అమ్మ వైపు చూశాడు. మంచం మీద నుంచి కామేశ్వరిగారు పలికింది.

"వెలుతురు పడితే నిరోధం తగ్గుతుంది. అంతేగా బాబూ?"

నేను తిరిగి చూశాను.

"హైస్కూల్లో సైన్సు చెప్పాను. ముప్పై ఒక్క ఏళ్లు. కొవ్వొత్తి మీద గ్లాసు బోర్లించి, మంట ఎందుకు ఆరిందో చెప్పండర్రా అని అడిగేదాన్ని."

"మీకు తెలిసి కూడా ఇక్కడ కూర్చున్నారా?"

టీ కప్పు రెండు చేతులతో పట్టుకుంది. "నాకు తెలిస్తే సరిపోతుందా నాయనా? తెలిసినదానికి ఒక గది కావాలి, నిలబడటానికి."

ఆ మాటకు నా కోపం ఒక్కసారి నా మీదికే తిరిగింది. నా చెల్లి పెళ్లిలో మా అమ్మ వంటశాల తడిక వెనక నిలబడి తలంబ్రాలు చూసింది. నాకు ఇరవై నాలుగేళ్లు. హేతువాద సభల్లో ఉపన్యాసాలు దంచేవాణ్ని, చప్పట్లు కొట్టించుకునేవాణ్ని. తడిక పక్క నుంచి అమ్మ కన్ను ఒకటి నాకు కనపడింది. పెళ్లి సాఫీగా జరిగిపోవాలని తల తిప్పుకున్నాను. ఎవరూ పొమ్మనలేదు, నేను కూడా పొమ్మనలేదు. శ్రీధర్ మీద అరవడానికి నాకున్న హక్కు ఆ మాత్రమే.

ఫ్యాను రెక్కలు బ్రష్షుతో గీకాను. గొట్టం తుడిచాను. రవ్వ పుట్టించే కడ్డీలు చూశాను, సరిగ్గానే ఉన్నాయి. కన్ను దాని చోట బిగించి మూత వేశాను. 12:05. ఎర్ర స్విచ్ వేయించాను. కంట్రోల్ బాక్సు మీద ఎర్ర లైటు అలాగే ఉంది. ఆ లాకౌట్ విడిపించాలంటే బటన్ నలభై అయిదు సెకన్లు వదలకుండా నొక్కి పట్టాలి.

"అమ్మగారూ, రండి," అన్నాను. "మీరు నొక్కండి."

రాజ్యలక్ష్మిగారు మెట్లన్నీ దిగి వచ్చేశారు. మోకాలి నొప్పి ఏమైందో.

"దాని చేత్తో వద్దు బాబూ. మీకు దండం పెడతాను. మా వాడు నొక్కుతాడు, లేకపోతే మీరు నొక్కండి."

"మీ వాడు ఇరవై ఒక్క సార్లు నొక్కాడు."

"పిన్నీ, ఎందుకులెండి," అన్నాడు శ్రీధర్.

నేను చేసింది సరైన పనేనా? మెడిక్ తర్వాత ట్రక్కులో అడిగింది. "ఏదో ఇంకో చిన్న లోపం ఉండి వెలక్కపోయుంటే? ఆమె బతుకంతా ఆ సాక్ష్యం మోసేది కదా." నిజమే. యంత్రం ఎవరికీ మాట ఇవ్వదు. నాజిల్‌లో ఒక్క నలుసు చాలు. నా కోపంలో ఒక మనిషి మానాన్ని ఒక నాజిల్ మీద పందెం కాశాను. అయినా ఆ క్షణంలో నాకు వేరే దారి తోచలేదు.

కామేశ్వరిగారు అక్క వైపు చూసింది. నా వైపు చూసింది. లేచింది. రేకు దుప్పటి గలగలమంది. మెడిక్ ఆమె భుజం పట్టుకుంది. కామేశ్వరిగారు చూపుడు వేలు బటన్ మీద పెట్టింది. గోరు నీలంగా ఉంది.

"గట్టిగా. నేను లెక్కపెడతాను. ఒకటి, రెండు."

పది దగ్గర వేలు పక్కకు జారబోయింది. ఇరవై దగ్గర రెండో చెయ్యి తెచ్చి మొదటి చెయ్యి మీద పెట్టింది. ముప్పై దగ్గర మాధవి లెక్క అందుకుంది. ఎందుకో నాకు తెలియదు. మెట్ల మీద నుంచి తెలుగులో, నాతోపాటు. ముప్పై ఒకటి, ముప్పై రెండు. నలభై అయిదు. లైటు రంగు మారింది.

"వదలండి."

మోటారు మొదలైంది. ఫ్యాను పీల్చింది. రవ్వ చిటపట. ఆ తర్వాత ఆ శబ్దం, బరువైన దుప్పటి ఒకటి దులిపినట్టు. అంటుకుంది. గడియారం చూశాను. పది సెకన్లు. పదిహేను. అంతకు ముందు ఇక్కడే ఆగిపోయేదట. ముప్పై. నలభై అయిదు. అరవై. మంట నిలిచింది. పైపులు టిక్కుటిక్కుమన్నాయి.

12:20కి మెడిక్ తన ఆదేశం రాసి శ్రీధర్‌తో సంతకం పెట్టించింది. ఈమె పైన వెచ్చటి గదిలో పడుకోవాలి, లేదా మాతో శిబిరానికి వస్తుంది. నేను తెలుగు చేసి చెప్పాను. శ్రీధర్ తల ఊపాడు. బయటికి వస్తుంటే రాజ్యలక్ష్మిగారు కొడుకుతో అంటున్న మాట వినపడింది.

"చూశావా, ఆ పసుపు కుంకుమ లోపల ఉండబట్టే ఇన్నాళ్లూ ఇల్లు అంటుకోకుండా కాపాడింది."

డ్రైవరు, "ఏమంటోంది?" అన్నాడు. చెప్పాను. అతను నవ్వలేదు. ఆ తొమ్మిది రోజుల్లో అతను నవ్వని సందర్భం అదొక్కటే.

మర్నాడు 3:40కి తిరిగి చూడటానికి వెళ్లాం. హాల్లో ఇరవై ఒకటి. మాధవి టీ ఇచ్చింది. కామేశ్వరిగారేరీ అంటే కిందికి చూపించింది. మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. శరీరం ముప్పై ఆరు పాయింట్ ఎనిమిది. రాత్రి పైనే పడుకుందట, పొద్దున దిగిందట.

"ఇప్పుడు ఇక్కడ వెచ్చగానే ఉంది నాయనా," అంది.

"టికెట్?"

"టికెట్ టికెట్టే. గురువారం."

బర్నర్ మీద ఒక కాగితం అంటించి ఉంది. నల్లబల్ల మీద ముప్పై ఏళ్లు రాసిన చేతిరాత, గుండ్రంగా, నిటారుగా. "ఇక్కడ ఏదియు చల్లరాదు. బటన్ ఒక్కసారి మాత్రమే నొక్కవలెను. కారణము తెలిసికొనిన పిమ్మట." మేము ఉండగానే రాజ్యలక్ష్మిగారు కుంకుమ భరిణె పట్టుకుని దిగారు. కాగితం చదివారు. చెల్లెల్ని చూశారు. చెల్లెలు కుర్చీలోంచి కదలలేదు. భరిణె వెనక్కి వెళ్లిపోయింది. అంతే. విప్లవమేమీ రాలేదు. నాలుగు నెలలుగా తెరుచుకుని ఉన్న ఒక రంధ్రానికి, గురువారం దాకా ఒక పంతులమ్మ కాపలా కూర్చుంది.

తొమ్మిదో రోజు ఉదయం 5:30కి మంచాలు మడిచాం. విమానంలో డ్రైవరు నా భుజం మీద నిద్రపోయాడు. రెండేళ్ల తర్వాత సైన్యం వదిలేశాను. ఇప్పుడూ బాయిలర్లే చూస్తున్నాను. ఆమె సంగతి మళ్లీ తెలియలేదు.

ఒక్కటి మాత్రం ఇంకా చెప్పలేదు. ఆ రోజు మంట నిలిచాక, బాగా మండుతోందో లేదో చూద్దామని బల్బు ఆర్పించి, బాయిలర్ ముందున్న చిన్న గుండ్రటి కిటికీ మూత తిప్పాను. "చూడండి అమ్మగారూ, మీరు వెలిగించింది," అన్నాను. ఆమె ఒక చేయి దూరంలో వంగి చూసింది. చీకట్లో ఆ రంధ్రంలోంచి మంట వెలుగు రూపాయి బిళ్లంత వచ్చి, సరిగ్గా ఆమె నుదుటి మధ్య పడింది. ఎర్రగా, గుండ్రంగా. రాజ్యలక్ష్మిగారు చిన్నగా ఊపిరి పీల్చారు. ఆ చప్పుడుకు కామేశ్వరిగారు తలెత్తి, అక్క చూపు ఎక్కడుందో చూసింది. నుదుటి మీద ఏదో ఉందని గ్రహించింది. అదేమిటో చూసుకోలేదు, ఎవరినీ అడగలేదు. గబుక్కున జాకెట్టు కింద నుంచి కొంగు లాగి, తప్పు చేసినదానిలా నుదురు తుడుచుకుంది.

వెలుగు పోలేదు. ఆమె మళ్లీ తుడుచుకుంది.